నాలుగు నిమిషాలు

షెఫీల్డ్‌లో తెల్లారకముందు ఐదింటికి
నుదుటికి దీపం కట్టుకుని బయల్దేరితే
మొదట ఎదురయ్యేది పాల వ్యాను,
తర్వాత నక్క,
ఆ పైన ఇక ఊరి లెక్క కాదు.

బర్బిజ్ దాటాక చీకట్లో
జంటలు జంటలుగా పచ్చని నిప్పులు.
గొర్రెలు.
మూడేళ్ళ కిందట వాటిని చూసి కెవ్వుమన్నాను.
ఇప్పుడు వాటికి నేను అలవాటయ్యాను.
లేవవు. నెమరు ఆపవు.

దూరపు కొండలు నునుపన్నారు మనవాళ్ళు,
దగ్గరికెళ్తే ఏమవుతాయో చెప్పకుండా వదిలేశారు.
నేను చెప్తాను: తడిగా ఉంటాయి.
నల్లటి ఊబి మోకాలిదాకా మింగి
కాలు తిరిగిచ్చి బూటు ఉంచేసుకుంటుంది.
మోచేతిదాకా చెయ్యి పెట్టి వెతుక్కోవాలి,
ఆవు కడుపులో అడ్డం తిరిగిన దూడ కోసం వెతికినట్టు.

పగలంతా ఆసుపత్రి మందుల గదిలో
ఇతరుల మోకాళ్ళకి మాత్రలు లెక్కపెడతాను.
నలభై తొమ్మిదేళ్ళు. కుడి బొటనవేలికి గోరు లేదు.
"ఎవరు తరుముతున్నారే నిన్ను?" అంటుంది బెరిల్
లేబుళ్ళు అంటిస్తూ.
ఎవరూ లేరు.
అదే కదా సుఖం.

పందానికి శుక్రవారం సెలవు పెట్టి
మాంచెస్టర్‌లో రైలు మారి, పెన్రిత్‌లో బస్సెక్కాను.
బస్సులో సగం మంది నాలాంటివాళ్ళే,
ఒకరి బూట్లు ఒకరు దొంగచూపులు చూసుకుంటూ.
కెజిక్ హాస్టల్లో ఆరు మంచాల గది.
పై మంచం మీద ఎవరో రాత్రంతా
మ్యాపు విప్పుతున్న చప్పుడు, మడుస్తున్న చప్పుడు.
నేను పల్లీ పట్టీని పన్నెండు ముక్కలు చేసి
గంటకొకటి చొప్పున జేబులకి పంచాను.

పొద్దున ఆరింటికి వాన లేదు.
ఆరూ ఐదుకి ఉంది.
ముందు పోయేవాళ్ళ రంగురంగుల చొక్కాల్ని
మబ్బు ఒక్కొక్కటిగా చెరిపేసింది.
రెండో కొండ మీద నా మాట నాకే దక్కనివ్వని గాలి.
గొంతెత్తి పదమూడో ఎక్కం చదివాను.
చిన్నప్పుడు పదమూడేడుల దగ్గర తప్పేదాన్ని,
అక్కడా తప్పాను.

దిగేటప్పుడు మాత్రం, ఇది చెప్పాలి,
ఒక పావుగంట, వదులు రాళ్ళ మీద,
ఏది ఎక్కడ మోపాలో నన్ను అడక్కుండా
కాళ్ళే చూసుకున్నాయి సంగతి.
నేను వెనకాల వచ్చిన చుట్టంలా ఉన్నాను
నా ఒంట్లోనే.
దానికోసమే వచ్చానేమో.

ఐదో చెక్‌పాయింట్. గుడారం, సూపు గిన్నె, ఒక ముసలాయన.
గడువు మూడింటికి.
నేను వెళ్ళేసరికి మూడూ నాలుగు.
నా వేళ్ళు నా మాట వినట్లేదని చూసి
ఒక్కో పిన్నూ ఆయనే విప్పి తీశాడు నా నంబరు,
నిద్రపోతున్న పిల్ల చెవి కమ్మలు తీసినంత జాగ్రత్తగా.
జాబితాలో పేరు కొట్టేస్తూ కూడబలుక్కుని చదివాడు:
"హై... మ... వతి. అర్థమేమిటి?"
చెప్పక తప్పలేదు.
కొండ కూతురు.
ఆయన నవ్వలేదు. కొండవైపు చూశాడు.
అక్కడ కొండ లేదు, మబ్బే ఉంది.
"అయితే మళ్ళీ రానిస్తుందిలే" అన్నాడు.

వ్యానులో ఏడుగురం, మాటల్లేవు.
ఊపిళ్ళకి అద్దాలు మసకబారాయి.
మిగిలిన మూడు ముక్కల్ని ఏడుగురికి విరిచాను.
"ఏమిటిది?" అన్నాడొక కుర్రాడు, పెదాలు నీలం.
పల్లీలు, బెల్లం.
వేళ్ళు నాక్కున్నాడు.

ఆదివారం రాత్రి స్నానాల తొట్టిలో బూట్లు కడిగితే
నల్లటి నీళ్ళు, ఎంత కడిగినా నల్లగానే.
చివరికి అడుగున చెంచాడు మట్టి, రెండు గడ్డిపోచలు.
పారబోయబోయి
కిటికీలో పుదీనా కుండీలో వేశాను.

సోమవారానికి అలారం పెట్టలేదు.
మెలకువ వచ్చి చూస్తే
నాలుగూ యాభై ఆరు.